కారుకు పోసిన తవుడు

మా వీధి మలుపులో పాలవాళ్ళ ఇల్లుంది. తెల్లవారగానే వాళ్ళు గేదెల కోసం పెద్ద డేగిసాలో తవుడు ఉడకబెడతారు. గాలి ఇటు తిరిగిందంటే ఆ వేడి వాసన, కాస్త తియ్యగా, కాస్త మాడుగా, మా వంటింట్లోకి వచ్చేస్తుంది. మా కోడలు ముక్కు చిట్లించి కిటికీ మూస్తుంది. నేను వెళ్ళి తెరుస్తాను. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇన్నేళ్ళుగా సంధి కుదరలేదు. ఉడికిన తవుడు వాసన తగిలితే ఎవరికైనా పశువులసావిడి గుర్తుకొస్తుంది. నాకు కారు గుర్తుకొస్తుంది. కారంటే ఇప్పటి కార్లు కావు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని ప్రాణం రాని, గుడ్డ టాపు వేసిన పాతకాలపు కారు. దాని వెనకే, దాన్ని నడిపిన దావూదు గారు గుర్తుకొస్తారు. ఆయనను చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది మిగల్లేదు. నన్ను మంచి మేష్టరమ్మ అన్నవాళ్ళు మాత్రం ఇంకా కొందరున్నారు. ఆ మంచిలో ఆయన వాటా ఎంతో చెప్పకుండా పోతే తప్పు నాదే అవుతుంది.

ముప్పయ్యో దశకంలో మేము ఏలూరు పొలిమేరలో, కాలువ గట్టున ఉన్న ఒక బియ్యం మిల్లు ఆవరణలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ కాటా గుమస్తా. బళ్ళమీద వచ్చిన ధాన్యం బస్తాలను దగ్గరుండి తూకం వేయించడం ఆయన పని. మాకు గుమస్తాల వరసలో రెండు గదులు. ఆవరణకు అవతలి పక్క మిల్లు కామందుగారి మేడ. కామందుగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది రాజ్యం, నా ఈడుది. చిన్నది చిట్టి. ఆడపిల్లల హైస్కూలు ఊళ్ళో, మాకు మూడు మైళ్ళ దూరంలో ఉండేది. ఆడపిల్లను అంత దూరం కాలువ గట్టున నడిపించడం ఇష్టం లేక నాన్న నా చదువు మానిపించేద్దామనుకున్నారు. ఆ సంగతి కామందుగారి భార్య చెవిన పడింది. "మా పిల్లల కారు ఎలాగూ వెళ్తుంది కదండీ, మీ అమ్మాయి కూడా ఓ మూల కూర్చుంటుంది" అని ఆవిడ అన్నది. నా చదువంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. మాట ఇచ్చినావిడ మరునాటికి మరిచిపోయి ఉంటుంది గాని, మాకు మరిచిపోయే వీలు లేదు. "వాళ్ళేమన్నా నవ్వి ఊరుకోవే సుభద్రా. కారు మనది కాదు" అని అమ్మ రోజూ జడ వేస్తూ చెప్పేది. జడ కన్నా ఆ మాటే గట్టిగా బిగించేది.

మొదటి రోజు నేను వెనక సీటు దగ్గరకు వెళ్ళాను. రాజ్యం తన పరికిణీ కుచ్చెళ్ళు సీటంతా పరిచి కూర్చుని ఉంది. "ఇక్కడ చోటు లేదు. మా పట్టుపరికిణీలు నలిగిపోతాయి. నువ్వు ముందు కూర్చో" అంది. ఆ రోజుల్లో డ్రైవరు పక్క సీటు పనివాళ్ళది, అన్నం క్యారియర్లది. అప్పుడు దావూదు గారు హ్యాండిల్ చేతిలో పట్టుకునే అటునుంచి చుట్టు తిరిగి వచ్చి, వాళ్ళకు తీసినట్టే నాకూ తలుపు తీసి పట్టుకున్నారు. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచగా, ఉతికి ఆరేసిన తెల్ల చొక్కాతో ఉన్నారు. రాజ్యం ఊరుకోలేదు.

"దానికెందుకు తలుపు తీస్తావు దావూదూ? దానికి చేతుల్లేవా?"

"ఉన్నాయండి. ఆ గడియే కొంచెం బిరుసండి అమ్మాయిగారూ. ఎవరు పడితే వాళ్ళు లాగితే పాడైపోద్దండి" అన్నారాయన.

కొన్నాళ్ళకు ఆయన లేనప్పుడు నేను ఆ గడియను తీసి చూశాను. వెన్నలా వచ్చింది. ఆరేళ్ళపాటు ఆయన ఆ బిరుసు గడియ మాట నిలబెట్టుకున్నారు. కామందుగారి పిల్లలను 'మీరు' అన్న నోటితోనే నన్నూ 'మీరు' అన్నారు. నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆయనే. పదేళ్ళ పిల్లకు అది ఎంత పెద్ద విషయమో, పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిలుపు విన్నవాళ్ళకు తెలియదు.

దావూదు గారు అంతకుముందు జట్కా తోలేవారు. ఏలూరులోకి మోటార్లు వచ్చిన కొత్తలో ఒక బస్సుకు క్లీనరుగా చేరి పని నేర్చుకున్నారు. ముందు సీటులో కూర్చున్న పుణ్యాన నాకు ఆయన మాటలన్నీ వినే భాగ్యం కలిగింది. గేరు ఎప్పుడు మార్చాలి, ఇంజను దగ్గితే అర్థమేమిటి, చక్రం పాడితే అర్థమేమిటి అన్నీ నాతో చెప్పేవారు. నేను కుతూహలంకొద్దీ గుర్రం మంచిదా, బండి మంచిదా అని అడిగాను. "గుర్రానికి కోపమొస్తే తంతాదండి. మనకి తెలిసిపోద్ది. బండికి కోపమొస్తే ఊరుకుంటాది. ఊరుకునేవాటితోనే జాగర్తగా ఉండాలండి" అన్నారు. ఆయన అన్నది ఇంజను సంగతే. తర్వాత తర్వాత క్లాసులో చివరి బెంచీ పిల్లల విషయంలో నేను దాన్ని బాగా వాడుకున్నాను.

మా స్కూలు గేటు దగ్గర పొద్దున్నే ఓ నాలుగైదు కార్లు ఆగేవి. ఎవరి హారను పెద్దది, ఎవరి కారుకు దీపాలు పెద్దవి అని ఆ పిల్లలు పందేలు వేసుకునేవారు. జమీందారు బంధువుల పిల్లలు, మిల్లుల వాళ్ళు, వందల ఎకరాల వాళ్ళు. మాకు లెక్కలు చెప్పే మేష్టరు కాలినడకన వస్తే పక్కకు తప్పుకోమని హారను కొట్టించిన పిల్ల కూడా వాళ్ళలో ఉంది. ఉండి అనే ఊరి నుంచి వచ్చి ఏలూరులో మేనత్తగారింట్లో ఉండి చదువుకునే కొత్త అమ్మాయి ఒకతె, ఒకనాడు నేను కారు దిగుతుంటే చూసి, "ఇది మీ కారేనా?" అని అడిగింది. ఏ దెయ్యం పట్టిందో, ఔనన్నాను. అని తిరిగి చూస్తే దావూదు గారు అక్కడే ఉన్నారు. ఆ రోజంతా నాకు పాఠం చెవికెక్కలేదు. సాయంత్రం సీట్లో కూర్చుని తల ఎత్తలేదు. కాలువ వంతెన దాటాక ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే, "ఇయ్యాళ మన బండి బాగా నడిచింది కదండి" అన్నారు. ఆ 'మన' విని నేను ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాను. ఆ తర్వాత అటువంటి అబద్ధం ఆడవలసిన అవసరం నాకు రాలేదు.

రాజ్యం చెడ్డదని చెప్పలేను. కాదనే మాట విని ఎరగదు, అంతే. సగం దారిలో రిబ్బను మరిచిపోయానని కారు వెనక్కి తిప్పించేది. మళ్ళీ సగం దారిలో పూలు మరిచిపోయానని తిప్పించేది. ఆలస్యమైతే ఆ అక్కాచెల్లెళ్ళను ఎవరూ ఏమీ అనేవారు కాదు. నన్ను మాత్రం నల్లబల్ల పక్కన బెంచీ ఎక్కించేవారు. పెద్దింటి పిల్లల తప్పుకు పక్కవాళ్ళ వీపు దొరుకుతుంది కదా. నేనా మాట దావూదు గారితో అనలేదు. చాక్‌పీసు దుమ్ముతో నిండిన నా పరికిణీ చూసి ఆయనే కనిపెట్టి ఉంటారు. వారం తిరక్కుండా ఆయన మేడ ముందు పావుగంట ముందే హారను కొట్టడం మొదలుపెట్టారు. కామందుగారు ఏమిటీ గోల అని అడిగితే, "చలికాలమండి, ఇంజను వేడెక్కడానికి కొంత దూరం నెమ్మదిగా నడపాలండి. ఆయ్, పావుగంట పడుతుందండి" అన్నారట. ఎండాకాలం వచ్చినా ఆ చలి తగ్గలేదు. నేను మళ్ళీ బెంచీ ఎక్కలేదు.

మేము ఆరో ఫారంలో, అంటే హైస్కూలు ఆఖరి ఏడు చదువుతుండగా, మాఘమాసంలో, మండవల్లి దగ్గర కామందుగారి బంధువుల ఇంట్లో అన్నప్రాశన జరిగింది. పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికీ, చేతి సాయానికీ నన్ను కూడా తీసుకెళ్ళారు. కొల్లేటి నీరు తీసిన తర్వాత మాత్రమే బళ్ళు తిరిగే గట్టు అది. అటూ ఇటూ తుంగ, అక్కడక్కడ దోనెలు, పొడుగాటి కాళ్ళ కొంగలు. గట్టు మధ్యకు వచ్చేసరికి ఇంజను ముందర ఉండే నీళ్ళ పెట్టె, అదే రేడియేటరు, కారడం మొదలెట్టింది. కనుచూపు మేర నీళ్ళే, మా కారుకు మాత్రం దాహం. దావూదు గారు తన పైగుడ్డ రెండు మడతలు వేసి, చిరు చేపలూ నాచూ పోకుండా కొల్లేటి నీళ్ళు డబ్బాలోకి వడకట్టారు. తర్వాత పనిముట్ల పెట్టెలోంచి చిన్న గుడ్డసంచి తీసి, అందులోని మెత్తటి తవుడు ఒక పిడికెడు రేడియేటరులో వేశారు. కాసేపటికి కారడం ఆగిపోయింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

"తవుడు పోయి చిల్లులో అడ్డం పడతాదండి. ఇది మోసమండి, వైద్యం కాదు. ఇంటికి చేరడానికి మాత్రమే. పెట్టె విప్పి అతుకు వేయించాలండి" అన్నారు.

మోసం అన్న మాట నాకు వినిపించలేదు. కారడం ఆగడమే కనిపించింది. రేడియేటరు బెజవాడ పంపి బాగు చేయించాలని ఆయన కామందుగారికి చెప్పారు. రాజ్యానికి పెళ్ళి మాటలు సాగుతున్న రోజులవి. చుట్టాలను తిప్పడానికి రోజూ కారు కావలసి వచ్చి ఆ పని వాయిదా పడింది. ఇంతలో మా స్కూలు ఫైనలు పరీక్షలు వచ్చాయి.

ఆ పరీక్ష నాకు ప్రాణం. పాసైతే ట్రైనింగుకు వెళ్ళవచ్చు, టీచరు కావచ్చు. తప్పితే రెండోసారి కారులో కూర్చోబెట్టేవాళ్ళు లేరు, అప్పటికే వచ్చి ఉన్న ఒక రెండో పెళ్ళి సంబంధం ఖాయమైపోతుంది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం కారు కింద తడి చూశాను. దారిలో ఆగిపోతే ఎలా అన్న భయం పట్టుకుంది. మిల్లులో తవుడుకు కరువా? పిడికెడుకే అంత పనిచేసింది కదా అని ఒళ్ళో రెండు సోలల తవుడు తెచ్చి, ఎవరూ చూడకుండా రేడియేటరు మూత తీసి పోసేశాను. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటారే, ఆ పని భక్తిగా చేశాను.

మరునాడు రాజ్యమూ నేనూ బయలుదేరాం. మైలున్నర వెళ్ళేసరికి ఇంజను గరగరలాడింది. మూత ఎగిరిపడి, గోధుమరంగు జావ బుసబుస పొంగి రోడ్డు మీద పడింది. ఊరంతా ఉడికిన తవుడు వాసన. చుట్టూ చేరినవాళ్ళు కారుకు కుడితి పెట్టారా అని నవ్వారు. దావూదు గారు ఆ జావను వేలితో తీసి చూశారు. నా వైపు చూశారు. రోడ్డుకు అడ్డం వెళ్ళి అటుగా వస్తున్న జట్కాను ఆపారు. అది ఆయన బావమరిది జట్కాయే.

"ఎక్కండి అమ్మాయిగారూ. గంట కొట్టేస్తారండి" అని ముందు రాజ్యాన్నే పిలిచారు.

"జట్కాలోనా? నేనా? గేటు దగ్గర అందరూ చూస్తారు. నాన్నకు కబురు చెయ్యి, ఇంకో కారు పంపిస్తారు."

ఆయన మూడుసార్లు బతిమాలారు. రాజ్యం కారు దిగలేదు. అప్పుడాయన నన్ను ఎక్కమన్నారు. రాజ్యం ముఖం ఎర్రబడింది. "నాకంటే ముందు అదెలా వెళ్తుంది?" అంది.

"పరీక్ష ఇద్దరిదీనండి. ఎక్కినవాళ్ళు రాస్తారండి" అని ఆయన గుర్రాన్ని అదిలించమన్నారు.

నేను గంట కొట్టేలోగా హాలుకు చేరాను. రాజ్యం కోసం ఇంకొకరి కారు వచ్చేసరికి హాలు తలుపులు మూసేశారు. ఆ మధ్యాహ్నం పరీక్ష రాసి బయటికి వస్తే, బావమరిది జట్కాతో నిలబడి ఉన్నాడు. "మా బావని పనిలోంచి తీసేశారండి. తవుడు ఆయన పోసిందే అన్నారంట" అని చెప్పాడు. ఆ తవుడు చిట్కా దావూదు గారిదని అందరికీ తెలుసు కదా. నేను ఇంటికి వెళ్ళకుండా ఆయన ఇంటికే తీసుకెళ్ళమన్నాను.

ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని పేము బుట్ట అల్లుతున్నారు. వెళ్ళగానే కాళ్ళ దగ్గర కూలబడి, నేనే పోశానని చెప్పి ఏడ్చాను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగారు. ఫరవాలేదు అనలేదు. చిన్నపిల్లవు అనలేదు.

"ఇంకా ఎన్ని పరీక్షలున్నాయండి?"

"ఐదు. రోజుకొకటి."

"ఐదూ రాయండి. అయ్యాక కామందుగారి దగ్గరికెళ్ళి చెప్పండి. చెప్పాలండి మరి. ఈ ఐదు రోజులూ మాత్రం ఆ మాట పక్కన పెట్టేసుకోండి."

ఆ ఐదు రోజులూ మిల్లు గేటు బయట జట్కా వచ్చి ఆగేది. పగ్గాలు దావూదు గారి చేతిలోనే. అంత పేరున్న మోటారు డ్రైవరు మళ్ళీ జట్కా తోలుతుంటే తోటివాళ్ళు ఎగతాళి చేయకుండా ఉంటారా? ఆయన నవ్వి తలూపేవారు. మూడోరోజు కామందుగారి కొత్త డ్రైవరు గేటు బయటికి వచ్చి, పొద్దున్నే బండి స్టార్టు కావడం లేదని ఆయననే అడిగాడు. దావూదు గారు జట్కా మీదనుంచి దిగి, హ్యాండిల్ ఎంత వాటంగా పట్టాలో, బొటనవేలు ఎటు ఉంచాలో గాలిలో చేయి తిప్పి చూపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు చెప్పారని అడిగితే, "బొటనవేలు విరుగుద్దండి పాపం" అన్నారు.

ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రం నేను మేడ మెట్లెక్కాను. నాన్న ఉద్యోగం పోతుందేమో, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అని సగంలో ఆగి, మళ్ళీ ఎక్కాను. కామందుగారు పడకకుర్చీలో ఉన్నారు. తవుడు నేనే పోశానని, దావూదు గారి తప్పు లేదని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన నన్ను వింతగా చూసి నవ్వారు.

"తవుడా? ఎవరు పోస్తే ఏముందిలేవే, రేడియేటరు బాగైపోయింది. వాణ్ణి తీసేసింది అందుకు కాదు. నా కూతుర్ని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి, కాటా గుమస్తా కూతుర్ని బండెక్కించి పంపాడు చూడు, అందుకు. వెళ్ళు, వెళ్ళి బాగా చదువుకో."

ఆయన కోపంగా కూడా అనలేదు. నా నిజానికి అక్కడ ఏ విలువా లేకుండా పోయింది. మెట్లు దిగుతుంటే రాజ్యం స్తంభం పక్కన నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. "నాకు ఆ రోజు జట్కా ఎక్కాలనే ఉంది సుభద్రా" అంది మెల్లగా. ఆ మాట ఎవరూ వినలేదు, నేను తప్ప. ఆ వేసవిలో తనకు పెళ్ళయింది. పరీక్ష మళ్ళీ రాయలేదు. ఇంటికి వచ్చి నాన్నకు కూడా జరిగిందంతా చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు దావూదు గారి ఇంటికి వెళ్ళి, చేతులు పట్టుకుని కూర్చుని వచ్చారని తర్వాత తెలిసింది.

నేను పాసయ్యాను. ట్రైనింగు ముగించుకుని, ఆ దశకం చివర్లో తాడేపల్లిగూడెంలో టీచరుగా చేరాను. మొదటి సెలవుకు ఇంటికి వెళ్దామని స్టేషను పక్కన బస్సుల దగ్గరకు వస్తే, ఏలూరు బస్సుకు డ్రైవరు ఆయనే. జుట్టు నెరిసింది. "టీచరమ్మగారండీ!" అని చేతిలో పని వదిలేసి వచ్చారు. బస్సు కదలడానికి టైముంది. ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మూడేళ్ళుగా నా గుండెలో ముల్లులా ఉన్న మాట అప్పుడు అడిగాను.

"కామందుగారు మిమ్మల్ని తీసేసింది తవుడు కోసం కాదు. నేను చెప్పినా మీ ఉద్యోగం తిరిగి రాదని మీకు తెలుసా?"

"తెలుసండి. ఆ రోజు కామందుగారి మొహం చూసినప్పుడే తెలిసిందండి."

"మరి నన్నెందుకు చెప్పమన్నారండీ? ఆ మెట్ల మీద ఎంత భయపడ్డానో మీకు తెలియదు. దానివల్ల మీకు ఒరిగిందేమిటి?"

ఆయన గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించారు. "నాకు కాదండి. మీరు పరీక్ష పాసవుతారు, ఉజ్జోగం చేస్తారని నాకు తెలుసండి. ఉజ్జోగం అంటే మీ కింద ఎవరో ఒకరు ఉంటారు కదండీ" అన్నారు. కండక్టరు కేకేశాడు. ఆయన వెళ్ళి బస్సు ఎక్కారు.

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఉద్యోగం చేశాను. చివరి పదేళ్ళూ హెడ్‌మిస్ట్రెస్‌ని. ఒకసారి పరీక్ష కాగితాలున్న బీరువాకు తాళం వేయడం నేనే మరిచిపోయాను. కాగితాలు కొన్ని బయటికి పొక్కాయి. అనుమానం మా అటెండరు మీద పడింది. మనిషి తాగుతాడు, అతని మాట ఎవరూ నమ్మరు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకున్నాను కూడా. కూతురి పురుడు కానీ అనుకున్నాను, ఇన్‌స్పెక్షను కానీ అనుకున్నాను. చెప్పకుండా ఉండడానికి మంచి కారణాలకు ఎప్పుడూ కొదవ ఉండదు. నాలుగు రోజులు అలా గడిచాయి. ఐదోరోజు పొద్దున ఇన్‌స్పెక్టరుగారి ఆఫీసుకు వెళ్ళి, తాళం వేయనిది నేనేనని రాసి ఇచ్చాను. నాకు శిక్ష పడింది, అటెండరు తిరిగి పనిలోకి వచ్చాడు. దానికి నన్ను గొప్పదానినని అన్నవాళ్ళున్నారు. నేనంత గొప్పదాన్ని కాను. దావూదు గారు నాకు ఐదు రోజులు ఇచ్చారు. ఆరో రోజు ఇవ్వలేదు.